లెక్క వచ్చు, కాలం తెలియదు



టింకరింగ్ ల్యాబులో అడుగుపెట్టిన వాళ్లంతా మొదట చేసే పని ఒకటుంది. ఒక బోర్డు తీసుకుని, దాని మీదున్న చిన్న ఎల్‌ఈడీని సెకను సేపు వెలిగించి, సెకను సేపు ఆర్పమని ప్రోగ్రాం రాస్తారు. దీపం వెలుగుతుంది, ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది. ఇక్కడ మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. సెకను అంటే ఎంతసేపో ఆ చిప్‌కు ఎలా తెలిసింది?

దానికి తెలియదు. లెక్కపెట్టడం మాత్రమే వచ్చు. ఎన్ని టిక్కులు లెక్కపెడితే సెకను అవుతుందో మనం చెప్పాం, అది నమ్మింది. మనం చెప్పింది నిజమైతే సరి. కాకపోతే ఎంత మంచి ప్రోగ్రామైనా కాలం తప్పుతుంది. మైక్రోకంట్రోలర్‌కు ఆ టిక్కులు ఎక్కడి నుంచి వస్తాయి, వాటిని మనం ఎలా ఎంచుకోవాలి, ఎంచుకున్నది చిప్‌కు ఎలా చెప్పాలి అన్నదే ఈ పాఠం.

తెలుగు టీచర్‌కు చిప్పులతో ఏం పని అంటారా? ప్రదర్శనలకు మీరు రాసే తెలుగు వివరణలను దిద్దేది నేనే. అర్థం కానిదాన్ని దిద్దలేం కదా! బదిలీల మీద ఏ ఊరి బడికి వెళ్లినా, అక్కడి పిల్లల ప్రాజెక్టులు దిద్దుతూ నేర్చుకున్న విషయాలివి.

మాత్రల లెక్క

ఛందస్సు పాఠం గుర్తు తెచ్చుకోండి. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. మాత్ర అంటే ఎంత కాలం? చిటిక వేసేంత. మరి ఎవరి చిటిక? నిదానంగా చదివేవారి మాత్ర పొడుగు, గబగబా చదివేవారి మాత్ర పొట్టి. ఎవరు చదివినా మాత్రల సంఖ్య మారదు. పద్యం పూర్తవడానికి పట్టే సమయం మాత్రం మారుతుంది.

మైక్రోకంట్రోలర్ చేసేదీ ఇదే. మీలో చాలామంది వాడే ఆర్డుయినో యూనో బోర్డులో ఏటీమెగా 328పీ అనే చిప్ ఉంటుంది. అది సెకనుకు 1,60,00,000 టిక్కుల వేగంతో, అంటే 16 మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంది. చిప్‌లోని టైమర్ అన్ని టిక్కులనూ విడివిడిగా లెక్కపెట్టలేదు కాబట్టి ముందు వాటిని 1024తో భాగిస్తాం. అప్పుడు సెకనుకు 15,625 టిక్కులు మిగులుతాయి. అన్ని టిక్కులు పూర్తయితే ఒక సెకను గడిచినట్టు. ఈ లెక్కంతా 16 మెగాహెర్ట్జ్ అన్న ఒక్క మాట మీద నిలబడి ఉంది.

టిక్కులు ఎక్కడి నుంచి వస్తాయి?

పూర్వం మన దేశంలో రోజును 60 గడియలుగా లెక్కించేవారు. ఒక గడియ అంటే 24 నిమిషాలు. అడుగున సన్నని రంధ్రం ఉన్న రాగి గిన్నెను నీటిలో వదిలేవారు. అది నిండి మునిగేసరికి ఒక గడియ. గంట కొట్టి, గిన్నెను ఖాళీ చేసి, మళ్లీ వదిలేవారు. గడియారం అనే మాట ఈ గడియలోంచే వచ్చింది.

చిప్ లోపల పుట్టుకతోనే ఇలాంటి గిన్నె ఒకటి ఉంటుంది. దాని పేరు ఆర్‌సీ ఆసిలేటర్. రెసిస్టర్ గుండా కెపాసిటర్‌లోకి విద్యుత్తు నిండుతుంది. ఒక స్థాయికి చేరగానే ఖాళీ అవుతుంది, మళ్లీ నిండుతుంది. ఏటీమెగా 328పీలో ఇది 8 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. బయట ఏ భాగమూ తగిలించక్కర్లేదు, అదనపు ఖర్చూ లేదు. ఆన్ చేయగానే దాదాపు వెంటనే నడక మొదలుపెడుతుంది. కాని గిన్నె రంధ్రం కాస్త పెద్దదైతే గడియ పొట్టిదైపోయినట్టు, వేడి మారినా వోల్టేజీ మారినా దీని వేగం మారుతుంది.

రెండోది సిరామిక్ రెసొనేటర్. ఇది విద్యుత్తు తగిలితే కంపించే చిన్న పింగాణీ ముక్క. ఆర్‌సీ కన్నా చాలా నిలకడైనది.

మూడోది క్వార్ట్జ్ స్ఫటికం. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో జాక్ క్యూరీ, పియర్ క్యూరీ అనే అన్నదమ్ములు కనుక్కున్నారు. అలాంటి స్ఫటికానికి విద్యుత్తు ఇస్తే తిరిగి అది కదులుతుంది. సరిగ్గా కోసిన క్వార్ట్జ్ ముక్క తనకంటూ ఉన్న ఒకే లయలో కంపిస్తుంది. ఆ లయతో 1927లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో వారెన్ మారిసన్, జె.డబ్ల్యు. హోర్టన్ మొదటి క్వార్ట్జ్ గడియారం చేశారు. 1969 డిసెంబరు 25న జపాన్‌లో సీకో సంస్థ మొదటి క్వార్ట్జ్ చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టింది. ఈనాటి మీ చేతి గడియారంలో సాధారణంగా సెకనుకు 32,768 సార్లు కంపించే స్ఫటికం ఉంటుంది. ఆ సంఖ్యే ఎందుకో తెలుసా? దాన్ని వరుసగా 15 సార్లు సగం చేసి చూడండి. సరిగ్గా 1 మిగులుతుంది.

నాలుగోది బయటి సంకేతం. వేరే పరికరం తయారుచేసిన టిక్కులనే ఒక తీగ ద్వారా చిప్‌కు అందించడం.

ఇవి రోజుకు ఎంత తప్పవచ్చో లెక్కవేద్దాం. రోజుకు 86,400 సెకన్లు.

* లోపలి ఆర్‌సీ: కర్మాగారం నుంచి వచ్చినప్పుడు 10 శాతం వరకు తేడా ఉండవచ్చని తయారీదారులే చెబుతారు. అంటే రోజుకు 2 గంటల 24 నిమిషాలు, పాత లెక్కలో 6 గడియలు. మనం ఓపికగా సరిదిద్దితే 1 శాతానికి తేవచ్చు. అయినా రోజుకు 14 నిమిషాల పైమాటే.
* సిరామిక్ రెసొనేటర్: అర శాతం తేడా అనుకుంటే రోజుకు 7 నిమిషాల 12 సెకన్లు.
* క్వార్ట్జ్ స్ఫటికం: పది లక్షల్లో 20 వంతుల తేడా అనుకుంటే రోజుకు 2 సెకన్ల లోపే.

ఒక చిన్న పరిశీలన చేయండి. అసలు యూనో మూడో రూపం బోర్డు మీద యూఎస్‌బీ సాకెట్టు పక్కన వెండిలా మెరిసే స్ఫటికపు డబ్బా కనిపిస్తుంది. అదే ప్రధాన చిప్ గడియారమని చాలామంది అనుకుంటారు. కాని అది యూఎస్‌బీ పని చూసే రెండో చిప్‌ది. ప్రధాన చిప్‌కు ఉన్నది సిరామిక్ రెసొనేటర్. అందుకే యూనోతో గోడ గడియారం చేసి, వారం తర్వాత చూస్తే నిమిషాలకు నిమిషాలు తేడా కనబడవచ్చు. తప్పు మీ ప్రోగ్రాంలో ఉండకపోవచ్చు.

పది సెకన్లకు మోగాల్సిన గంట

ఎనిమిదో తరగతి విద్యార్థిని ఒకామె బడిగంట ప్రాజెక్టు చేసింది. ప్రతి 40 నిమిషాలకూ గంట మోగాలి. యూనో బోర్డు ల్యాబులో అందరికీ కావాలి కాబట్టి, ఒక కొత్త ఏటీమెగా 328పీ చిప్‌ను బ్రెడ్‌బోర్డు మీద పెట్టి, ప్రోగ్రామర్ పరికరంతో అదే ప్రోగ్రాం ఎక్కించింది. మొదటి పీరియడ్ అయిపోయింది, గంట మోగలేదు. బడి వదిలారు, అయినా మోగలేదు.

ఆమె తీగలు పీకి పారేయలేదు. 40 నిమిషాలకు బదులు 10 సెకన్లు అని మార్చి, చేతి గడియారం పట్టుకుని కూర్చుంది. గంట మోగింది, దాదాపు 160 సెకన్లకు! పదికి నూట అరవై, అంటే 16 రెట్లు. ప్రోగ్రాం 16 మెగాహెర్ట్జ్ అనుకుంటోంది, చిప్ నడుస్తున్నది 1 మెగాహెర్ట్జ్‌తో అన్నమాట. అదే లెక్కన 40 నిమిషాల పీరియడ్ 10 గంటల 40 నిమిషాలు అవుతుంది. బడి వదిలాక కూడా గంట ఎందుకు మోగలేదో తేలిపోయింది.

ఆ చిప్ పాడవలేదు. కొత్త ఏటీమెగా 328పీ వచ్చేదే అలా. లోపలి 8 మెగాహెర్ట్జ్ ఆర్‌సీని 8తో భాగించి, 1 మెగాహెర్ట్జ్‌తో నడిచేలా అమర్చి పంపుతారు. గడియారం గురించి మనం రెండు చోట్ల చెప్పాలని ఇక్కడే తెలుస్తుంది. ఒకటి చిప్‌కు: ఏ మూలం నుంచి టిక్కులు తీసుకోవాలో. రెండోది ప్రోగ్రాంకు: ఆ టిక్కులు సెకనుకు ఎన్నో. ఈ రెండూ ఒకదానితో ఒకటి కలవాలి. కలవకపోతే ఏ హెచ్చరికా రాదు. అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తూ కాలం తప్పుతుంది.

చిప్‌కు చెప్పడం: ఫ్యూజులు

ఇంట్లో కరెంటు పోతే చూసే ఫ్యూజు కాదిది. ఏటీమెగా చిప్‌లో కొన్ని ప్రత్యేకమైన బిట్లను ఫ్యూజులు అంటారు. కరెంటు తీసేసినా అవి చెరిగిపోవు. నడుస్తున్న ప్రోగ్రాం వాటిని మార్చలేదు. ప్రోగ్రామర్ పరికరంతోనే మార్చాలి. గడియారానికి సంబంధించినవి ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది మూలాన్ని ఎంచుకునే నాలుగు బిట్ల గుంపు. 0010 అంటే లోపలి ఆర్‌సీ. 1111 అంటే 8 నుంచి 16 మెగాహెర్ట్జ్ స్ఫటికం. 0000 అంటే బయటి సంకేతం. రెండోది, నడక మొదలుపెట్టే ముందు ఎంతసేపు ఆగాలో చెప్పేది. స్ఫటికం కుదురుకోవడానికి సమయం పడుతుంది కాబట్టి దానికి ఎక్కువ వ్యవధి ఇస్తారు. మూడోది 8తో భాగించాలా వద్దా అన్నది. ఈ భాగహారాన్ని మాత్రం ప్రోగ్రాం నడుస్తుండగా కూడా మార్చుకోవచ్చు. మూలాన్ని మార్చలేం.

ఫ్యూజుల్లో ఒక తిరకాసు ఉంది. ఇక్కడ 0 అంటే అమర్చినట్టు, 1 అంటే అమర్చనట్టు. మామూలుగా మనం అనుకునేదానికి తలకిందులు. అందుకే స్ఫటికం కోసం 1111 పెట్టబోయి 0000 పెట్టేస్తుంటారు. అప్పుడు చిప్ బయటి నుంచి వచ్చే టిక్కుల కోసం ఎదురుచూస్తుంది. అవి రావు. టిక్కులు లేకపోతే ప్రోగ్రామర్‌తో కూడా మాట్లాడలేదు. తప్పు దిద్దుకుందామంటే దారి మూసుకుపోతుంది. అసలు స్ఫటికమే తగిలించకుండా 1111 పెట్టినా ఇదే గతి.

అలాంటి చిప్‌ను చెత్తబుట్టలో వేయకండి. అది బతికే ఉంది, టిక్కులు అందక ఆగిపోయిందంతే. ఇంకో యూనో నుంచి సెకనుకు 10 లక్షల టిక్కులు పుట్టించి, ఆగిపోయిన చిప్ ఎక్స్‌టాల్1 కాలికి అందించండి. రెండింటి గ్రౌండ్ తీగలనూ కలపడం మరవకండి. ప్రోగ్రామర్ మాట్లాడే వేగాన్ని చిప్ గడియారంలో నాలుగో వంతు కన్నా తగ్గించండి. అప్పుడు చిప్ బదులిస్తుంది, ఫ్యూజులు సరిదిద్దుకోవచ్చు. ఇలాంటి తంటా రాకుండా ఉండాలంటే, ముందు పాత ఫ్యూజు విలువలను చదివి కాగితం మీద రాసుకోండి. స్ఫటికాన్నీ దాని రెండు వైపులా ఉండే చిన్న కెపాసిటర్లనూ ముందే తగిలించండి. 16 మెగాహెర్ట్జ్ స్ఫటికానికి సాధారణంగా 12 నుంచి 22 పికోఫారడ్ల కెపాసిటర్లు వాడతారు. ఆ తర్వాతే ఫ్యూజు రాయండి.

ఏది ఎంచుకోవాలి? మూడు ప్రశ్నలు

ఎక్కువ వేగం ఉన్నదే మంచిదనుకోవద్దు. ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి.

మీ పరికరం ఎవరితో కాలం కలపాలి? దీపం మిణుకుమనే బొమ్మ ఎవరితోనూ కలపక్కర్లేదు. లోపలి ఆర్‌సీ చాలు. కంప్యూటర్‌తో సీరియల్ తీగ మీద మాట్లాడాలంటే అవతలివారి లయతో కలవాలి. ఒక్కో అక్షరం పది బిట్లుగా వెళ్తుంది. ఒక్కో బిట్‌లో 5 శాతం తేడా ఉంటే, పదో బిట్ దగ్గరికి వచ్చేసరికి సగం బిట్ జారిపోతుంది. భజనలో తాళం తప్పినట్టే. తెర మీద పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. తేడా 2 శాతం లోపు ఉండాలన్నది చిప్ పుస్తకం సలహా. రెసొనేటరూ స్ఫటికమూ దీనికి సరిపోతాయి. లోపలి ఆర్‌సీ సరిదిద్దకపోతే నమ్మలేం. ఇక గోడ గడియారంతో రోజుల తరబడి కలవాలంటే స్ఫటికం తప్పదు.

కరెంటు ఎక్కడిది? వేగం పెరిగేకొద్దీ చిప్ ఎక్కువ కరెంటు తింటుంది, ఎక్కువ వోల్టేజీ కూడా అడుగుతుంది. ఏటీమెగా 328పీ 20 మెగాహెర్ట్జ్‌తో నడవాలంటే కనీసం 4.5 వోల్టులు కావాలి. 10కి 2.7 వోల్టులు, 4కి 1.8 వోల్టులు చాలు. రెండు పెన్సిల్ సెల్లులంటే 3 వోల్టులు. వాటితో 16 మెగాహెర్ట్జ్ నడపకూడదు. నడిచినట్టే ఉండి, ఎప్పుడో ఒకప్పుడు తడబడుతుంది.

ఎక్కడ ఉంటుంది? దీని గురించి కాసేపట్లో చెబుతాను.

బడిగంట చేసిన విద్యార్థిని ముందు ప్రోగ్రాంలో 1 మెగాహెర్ట్జ్ అని దిద్దింది. గంట మోగింది, కాని 40 నిమిషాలకు కాదు, 41 నిమిషాల 12 సెకన్లకు. లోపలి ఆర్‌సీ 3 శాతం నిదానం అన్నమాట. ఎనిమిది పీరియడ్లకు దాదాపు 10 నిమిషాల ఆలస్యం. 16 మెగాహెర్ట్జ్ స్ఫటికం పెడదామంటే ఆమెది రెండు సెల్లుల ప్రాజెక్టు. చివరికి చేతి గడియారపు 32,768 స్ఫటికాన్ని తగిలించింది. ఈ చిప్‌లో రెండో టైమర్ ఆ స్ఫటికంతో విడిగా నడవగలదు. ప్రధాన పనులకు లోపలి ఆర్‌సీ ఉండనే ఉంది. 32,768ని 128తో భాగిస్తే 256. రెండో టైమర్ 256 వరకు లెక్కపెట్టి మళ్లీ సున్నాకు వస్తుంది. అంటే సరిగ్గా సెకనుకోసారి! ఆ ఒక్క క్షణం చిప్ మేలుకుని, ఒక సెకను కలుపుకుని, మళ్లీ నిద్రపోతుంది. లెక్కంతా స్ఫటికానిది, పని ఆర్‌సీది. ఇందులో తమాషా ఏమిటంటే, ఆమె ఒక్క ఫ్యూజు కూడా మార్చాల్సిన అవసరం రాలేదు.

స్ఫటికానికీ బదిలీ తెలుస్తుంది

అమ్మానాన్నల బదిలీతో మనం ఏ మూలకు వెళ్లినా గడియారం ముల్లు తిప్పక్కర్లేదు. దేశమంతటికీ ఒకటే కాలం. మీర్జాపూర్ దగ్గరగా, మన కాకినాడకు సమీపంగా సాగే 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం దానికి ఆధారం. కాని గడియారంలోని స్ఫటికానికి మాత్రం ఊరు మారిన సంగతి తెలుస్తుంది. దానికి తెలిసేది వేడి, చలి.

చేతి గడియారపు స్ఫటికాన్ని 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేలా కోస్తారు. అక్కడి నుంచి ఎటు జరిగినా నిదానిస్తుంది. వేడికీ నిదానమే, చలికీ నిదానమే! ఎంత నిదానమో లెక్క ఇది: తేడా డిగ్రీల వర్గాన్ని 0.034తో హెచ్చిస్తే, పది లక్షల్లో ఎన్ని వంతులో వస్తుంది. జైసల్మేర్ ఎండలో 45 డిగ్రీలు అనుకోండి. తేడా 20, వర్గం 400, హెచ్చిస్తే 13.6. అంటే రోజుకు 1.2 సెకన్లు వెనకబడుతుంది. లేహ్ చలిలో సున్నాకు 10 డిగ్రీల కిందకు పోతే తేడా 35, వర్గం 1225, ఫలితం దాదాపు 42. రోజుకు 3.6 సెకన్లు. అదే చలి నెలంతా ఉంటే దాదాపు 2 నిమిషాలు.

బడిగంటకు ఇది పెద్ద ఇబ్బంది కాదు. వారానికోసారి సరిచేసుకుంటే చాలు. ఏడాది పొడవునా మనిషి వెళ్లి చూడలేని చోట వాతావరణ పరికరం పెట్టాలంటే మాత్రం డీఎస్3231 లాంటి గడియారపు చిప్ వాడాలి. అది తన వేడిని తానే కొలుచుకుని లయ సరిదిద్దుకుంటుంది. సున్నా నుంచి 40 డిగ్రీల మధ్య దాని తేడా పది లక్షల్లో 2 వంతులకు మించదు. అంటే ఏడాదికి సుమారు ఒక నిమిషం.

బోర్డుకు టీసీ రాయండి

బడిగంట పూర్తయిన కొన్ని నెలలకే ఆ విద్యార్థిని తండ్రికి బదిలీ అయింది. ఆమె టీసీ తీసుకుని వెళ్లిపోయింది. బోర్డు ల్యాబులోనే ఉండిపోయింది. మన బడుల్లో ఇది మామూలే. మొదలుపెట్టిన వాళ్లు ఒకరు, పూర్తిచేసే వాళ్లు ఇంకొకరు. కొత్తగా వచ్చిన వాళ్లకు చిప్‌ను చూస్తే దాని గడియారం ఏదో తెలియదు. పైకి ఏ గుర్తూ కనబడదు. ప్రోగ్రాం మార్చగానే కాలం తప్పుతుంది. పాడైందనుకుని పక్కన పడేస్తారు.

ఆమె బోర్డు అలా మూలన పడలేదు. పెట్టె మూత లోపల ఆరు వరుసల చీటీ అంటించి వెళ్లింది. మరుసటి ఏడు వచ్చినవాళ్లు అది చదివి, పీరియడ్ నిడివి మార్చి అదే గంటను వాడుకున్నారు. మీ బోర్డులకూ అలాంటి టీసీ రాయండి. నమూనా ఇది:

1. చిప్: ఏటీమెగా 328పీ
2. ప్రధాన గడియారం: లోపలి ఆర్‌సీ, 8 మెగాహెర్ట్జ్
3. భాగహారం: 8తో, అంటే 1 మెగాహెర్ట్జ్
4. ప్రోగ్రాంలో చెప్పిన వేగం: 1 మెగాహెర్ట్జ్
5. రెండో టైమర్: 32,768 హెర్ట్జ్ స్ఫటికం, 128తో భాగహారం
6. ఫ్యూజులు: కొత్త చిప్‌లో ఉన్నవే, మార్చలేదు

చేసి చూడండి

1. ఎల్‌ఈడీని 60 సెకన్లకోసారి వెలిగేలా చేసి, ఫోను స్టాప్‌వాచ్‌తో పది సార్లు కొలవండి. మీ బోర్డు రోజుకు ఎంత తప్పుతుందో లెక్కకట్టండి.
2. చిప్ 8 మెగాహెర్ట్జ్‌తో నడుస్తోంది. ప్రోగ్రాం 16 అనుకుంటోంది. 40 నిమిషాల పీరియడ్ ఎంతసేపు సాగుతుంది?
3. మీరు ఇంతకుముందు ఉన్న ఊళ్లో, ఇప్పుడున్న ఊళ్లో చలికాలపు ఉష్ణోగ్రతలు తెలుసుకోండి. చేతి గడియారపు స్ఫటికం ఏ ఊళ్లో ఎక్కువ వెనకబడుతుంది? రోజుకు ఎన్ని సెకన్లు?
4. మీ ల్యాబులో ఎవరిదో తెలియని పాత బోర్డు ఒకటి తీసుకోండి. ఫ్యూజులు చదవడానికి మీ ల్యాబు ఉపాధ్యాయుల సాయం తీసుకుని, దాని గడియారం ఏదో కనిపెట్టండి. దానికి టీసీ రాసి పెట్టెకు అంటించండి.